ఓపియాయిడ్ నొప్పి మందులు: అరుదైన సైడ్ ఎఫెక్ట్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లమందు నుంచి తీసిన, లేదా అదే తీరులో పనిచేసే నొప్పి మందులను ఓపియాయిడ్లు అంటారు. మార్ఫిన్, ట్రమడాల్, ఫెంటానిల్ ప్యాచ్ లాంటివి మొదలుపెట్టేటప్పుడు డాక్టర్లు మలబద్ధకం, వాంతులు, మత్తు గురించి చెబుతారు. అవి చాలామందికి వచ్చేవే కాబట్టి చెప్పాల్సిందే. అరుదుగా వచ్చేవాటి దాకా మాట సాగదు. చిక్కేమిటంటే ఆ అరుదైనవి వచ్చినప్పుడు మందు వల్ల వచ్చినట్టు కనిపించవు. రోగం ముదిరినట్టో, వయసు మీద పడినట్టో, డోసు చాలనట్టో కనిపిస్తాయి. అందుకని డోసు పెంచుతారు, ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. మందు వేసుకునే వాళ్ళు, వాళ్ళను పక్కనుండి చూసుకునే వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. ఇవి చదివి సొంతంగా మందు ఆపేయకండి. ఎందుకు వద్దంటున్నానో కింద ఉంది.

ఏవేవి ఓపియాయిడ్ మందులు? నేను వేసుకునేది అదో కాదో ఎలా తెలుస్తుంది?

మార్ఫిన్, కోడీన్, ట్రమడాల్, టపెంటడాల్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, ఫెంటానిల్, మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్, పెథిడిన్ ఈ కోవలోకి వస్తాయి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ రావు. అయితే ట్రమడాల్‌నూ పారాసెటమాల్‌నూ కలిపి ఒకే మాత్రగా అమ్ముతారు, కోడీన్ కొన్ని దగ్గు సిరప్‌లలో ఉంటుంది. తాము ఓపియాయిడ్ వేసుకుంటున్నట్టే తెలియని వాళ్ళు చాలామంది ఉంటారు. స్ట్రిప్ వెనక బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది, అది చూడండి.

కాగితం మీద "అరుదు" అని రాస్తే ఎంత అరుదని అర్థం?

దీనికో లెక్క ఉంది. 10 మందిలో ఒకరికో అంతకన్నా ఎక్కువ మందికో వస్తే చాలా మామూలు అంటారు. 1,000 నుంచి 10,000 మందిలో ఒకరికి వస్తే అరుదు, 10,000 మందిలో ఒకరి కన్నా తక్కువైతే చాలా అరుదు. ఇవి కాక "ఎంతమందికి వస్తుందో తెలియదు" అనే వర్గం ఒకటి ఉంటుంది. మందు మార్కెట్లోకి వచ్చాక డాక్టర్లూ రోగులూ పంపిన రిపోర్టుల వల్ల బయటపడినవి అందులో ఉంటాయి. ఎంతమంది ఆ మందు వాడితే ఇన్ని రిపోర్టులు వచ్చాయో కచ్చితంగా తేలదు కాబట్టి లెక్క కట్టలేరు. ఆ వర్గంలో ఉందంటే ప్రమాదం తక్కువని అనుకోకూడదు. ఇంకో మాట కూడా చెప్పాలి. అరుదు అన్నది మొత్తం జనానికి వేసిన లెక్క. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకో, డిప్రెషన్‌కు మందులు వాడేవాళ్ళకో, జన్యువుల్లో తేడా ఉన్నవాళ్ళకో అదే సైడ్ ఎఫెక్ట్ అంత అరుదుగా ఉండకపోవచ్చు.

డోసు పెంచినకొద్దీ మా నాన్నగారికి నొప్పి ఇంకా ఎక్కువవుతోంది. ఇదెలా?

అవుతుంది. నొప్పి తగ్గించే మందే కొందరిలో నరాలను నొప్పికి మరింత సున్నితంగా మార్చేస్తుంది. దీన్ని ఓపియాయిడ్ హైపరాల్జీసియా అంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో ఓపియాయిడ్ మందుల లేబుళ్ళ మీద దీని గురించి హెచ్చరిక చేర్చమంది.

దీన్ని గుర్తుపట్టడం తేలిక కాదు. ఎందుకంటే డోసు పెంచాల్సిన పరిస్థితులు నిజంగానే ఇంకో రెండున్నాయి. ఒకటి, శరీరం మందుకు అలవాటు పడి పాత డోసు సరిపోకపోవడం. రెండోది, అసలు జబ్బే ముదరడం. ఈ రెండింట్లో డోసు పెంచితే ఎంతో కొంత ఉపశమనం దొరుకుతుంది. హైపరాల్జీసియాలో దొరకదు, పైగా ఎక్కువవుతుంది. ఇంకో గుర్తు, నొప్పి స్వభావం మారిపోవడం. మొదట నడుములో ఒకచోట ఉన్నది ఇప్పుడు ఒళ్ళంతా పాకుతుంది, ఎక్కడని అడిగితే వేలు పెట్టి చూపించలేరు. దుప్పటి తగిలినా, చెయ్యి పట్టుకుని నిమిరినా విలవిల్లాడతారు. మీ నాన్నగారు నిమరనిచ్చేవాళ్ళు ఈ మధ్య చెయ్యి లాగేసుకుంటున్నారంటే ఆ మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. స్కానింగ్‌లో కనపడని సమాచారం అది.

వైద్యం ఉంది. డోసు మెల్లగా తగ్గించడమో, ఒక ఓపియాయిడ్ నుంచి ఇంకోదానికి మార్చడమో, వేరే రకం నొప్పి మందులు జోడించడమో చేస్తారు. డోసు తగ్గిస్తే నొప్పి తగ్గుతుందంటే నమ్మబుద్ధి కాదు, రోగికీ ఇంట్లోవాళ్ళకూ టెన్షన్‌గానే ఉంటుంది. అందుకే ఇది నొప్పి వైద్యంలోనో పాలియేటివ్ కేర్‌లోనో (తీవ్రమైన జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) అనుభవం ఉన్న డాక్టర్ చేతుల మీదుగా జరగాలి.

అమ్మ నిద్రలో ఉలిక్కిపడుతోంది, మెలకువగా ఉన్నప్పుడు కూడా చెయ్యి ఎగిరిపడుతోంది. నరాల బలహీనతా?

గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒక్కసారి ఎగిరి నీళ్ళు ఒలికిపోవడం, పడుకున్నప్పుడు కాలో భుజమో ఉన్నట్టుండి అదిరిపడి మళ్ళీ మామూలైపోవడం, ఇలా ఉంటే మయోక్లోనస్, అంటే కండరాలు తమంతట తామే అదిరిపడటం కావచ్చు. ఓపియాయిడ్ల వల్ల ఇది రావచ్చు. ఎప్పుడో ఒకసారి నిద్ర పట్టే ముందు ఉలిక్కిపడటం అందరికీ ఉండేదే. రోజురోజుకూ ఎక్కువవుతుంటే, పగలు కూడా వస్తుంటే మాత్రం ఊరుకోకూడదు.

మార్ఫిన్‌ను కాలేయం విడగొట్టినప్పుడు పుట్టే పదార్థాలను కిడ్నీలు బయటికి పంపాలి. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోయినా, ఒంట్లో నీరు తగ్గినా అవి పేరుకుపోయి మెదడును రెచ్చగొడతాయి. అందుకే నెలల తరబడి ఒకే డోసు మీద బాగానే ఉన్నవాళ్ళకు నాలుగు రోజులు విరేచనాలై నీళ్ళు తాగకపోతే హఠాత్తుగా ఇవి మొదలవుతాయి. డోసు మార్చలేదు కదా, మందు వల్ల ఎలా అవుతుందని అనుకుంటారు. మారింది డోసు కాదు, కిడ్నీల పనితీరు. దీంతోపాటు లేని మనుషులు కనిపించడం, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు అనిపించడం, మాటల్లో తికమక కూడా ఉండొచ్చు. పట్టించుకోకపోతే ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. పెథిడిన్‌తో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, దానినుంచి పుట్టే నార్‌పెథిడిన్ ఫిట్స్ తెప్పిస్తుంది. ఎక్కువకాలం ఉండే నొప్పికి పెథిడిన్ వద్దనడానికి ఇదొక ముఖ్య కారణం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, మందు మార్చే విషయం అడగండి.

ట్రమడాల్ తేలికైన మందే కదా, దాంతో ఏమవుతుంది?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. తేలికైనదన్న పేరు వల్లే దీన్ని ఎక్కువమంది ధీమాగా, అడ్డూ అదుపూ లేకుండా వాడతారు.

ట్రమడాల్ మార్ఫిన్ లాగా ఒక్క దారిలో పనిచేయదు. మెదడులో సెరొటోనిన్, నారెపినెఫ్రిన్ అనే రసాయనాలను కూడా పెంచుతుంది. అందువల్ల దీనికి మిగతా ఓపియాయిడ్లలో అంతగా కనిపించని ఇబ్బందులున్నాయి. మొదటిది ఫిట్స్. డాక్టర్ చెప్పిన డోసులో కూడా వచ్చిన సందర్భాలున్నాయి. మూర్ఛ ఉన్నవాళ్ళకు, తలకు దెబ్బ తగిలినవాళ్ళకు, మద్యం అలవాటున్నవాళ్ళకు, డోసు దాటి వేసుకునేవాళ్ళకు ముప్పు ఎక్కువ.

రెండోది సెరొటోనిన్ సిండ్రోమ్, అంటే ఒంట్లో సెరొటోనిన్ మరీ ఎక్కువైపోవడం. డిప్రెషన్‌కో, ఆందోళనకో వాడే చాలా మందులతో, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లతో, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌తో, చివరికి డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందుతో కలిసినా ఇది రావచ్చు. గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో చెమటలు, గుండె దడ, వణుకు, విరేచనాలు, కంగారు, జ్వరం, కండరాలు బిగుసుకోవడం కనిపిస్తాయి. మామూలు జ్వరమనుకుని ఇంట్లో ఉంచేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఫెంటానిల్, మెథడోన్, పెథిడిన్, టపెంటడాల్‌తో కూడా ఇది రావచ్చు. ఎఫ్‌డీఏ 2016లో దీని గురించి మొత్తం ఓపియాయిడ్ వర్గానికే హెచ్చరిక ఇచ్చింది.

మూడోది, చాలామంది డాక్టర్లకు కూడా వెంటనే తట్టనిది, షుగర్ పడిపోవడం. డయాబెటిస్ ఉన్నవాళ్ళలోనే కాదు, లేనివాళ్ళలో కూడా రిపోర్టులున్నాయి, అవీ ఎక్కువగా మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో. చెమటలు పట్టి కళ్ళు తిరుగుతుంటే నొప్పి మందు మత్తులే అనుకోకుండా గ్లూకోమీటర్ ఉంటే ఒకసారి వేలు గుచ్చి చూడండి. అలాగే రక్తంలో సోడియం తగ్గిపోవడం. ఇది 65 దాటిన ఆడవాళ్ళలో, మొదటి వారంలో ఎక్కువగా రిపోర్టయింది. పెద్దావిడ ట్రమడాల్ మొదలుపెట్టిన వారంలో తికమకగా మాట్లాడుతుంటే మతిమరుపు మొదలైందని తేల్చేసే ముందు సోడియం పరీక్ష చేయించాలి. చవకైన రక్తపరీక్ష అది.

నెలల తరబడి వాడుతున్నాను. ఎప్పుడూ నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, ఆకలి లేకపోవడం. జబ్బు వల్లేనా?

జబ్బు వల్ల కావచ్చు. కానీ ఓపియాయిడ్లు మెదడు నుంచి గ్రంథులకు వెళ్ళే ఆదేశాలను అణచివేస్తాయి. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథికి ఆదేశం అందకపోతే, ఒత్తిడిని తట్టుకోవడానికి అది తయారుచేసే కార్టిసోల్ హార్మోన్ తగ్గిపోతుంది. నీరసం, వికారం, ఆకలి మందగించడం, బీపీ పడిపోవడం, ఇవే గుర్తులు. ఏ దీర్ఘకాలిక జబ్బుకైనా అతికిపోయే గుర్తులు కావడంతో ఎవరూ అనుమానించరు. చాలా వరకు నెల దాటి వాడినవాళ్ళలో కనిపించింది. ఉదయం పూట చేసే కార్టిసోల్ రక్తపరీక్షతో అనుమానం తీర్చుకోవడం మొదలుపెట్టొచ్చు. నిజమని తేలితే స్టెరాయిడ్ ఇస్తూ ఓపియాయిడ్‌ను మెల్లగా తగ్గిస్తారు. ఇది తెలియకుండా ఆపరేషన్‌కో పెద్ద ఇన్ఫెక్షన్‌కో గురైతే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

సెక్స్ హార్మోన్లు తగ్గడం మాత్రం అంత అరుదు కాదు, మన దగ్గర ఎవరూ నోరు తెరిచి చెప్పరు, అంతే. మగవాళ్ళలో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, ఆడవాళ్ళలో నెలసరి తప్పడం, ఇద్దరిలోనూ ఎముకలు పలచబడటం ఉండొచ్చు. సిగ్గుపడి దాచుకోకండి, దీనికి కూడా పరీక్షలూ వైద్యమూ ఉన్నాయి.

గుండెకు ఏమైనా అవుతుందా?

ముఖ్యంగా మెథడోన్‌తో. ఈసీజీలో క్యూటీ అనే విరామం సాగిపోయి, గుండె లయ తప్పి స్పృహ కోల్పోయే ప్రమాదం ఉంది. ఆ విరామం 500 మిల్లీసెకన్లు దాటితే డాక్టర్లు గట్టిగా పట్టించుకుంటారు. మొదలుపెట్టే ముందూ ఆ తర్వాతా ఈసీజీ తీయమని అందుకే అంటారు. మెథడోన్‌లో ఇంకో మెలిక ఉంది. నొప్పి తగ్గేది 4 నుంచి 8 గంటలే, మందు మాత్రం ఒంట్లో రోజుల తరబడి ఉండిపోతుంది. నొప్పి మళ్ళీ వచ్చిందని ఇంకోటి వేసుకుంటూ పోతే లోపల పేరుకుపోతుంది.

విరేచనాలకు వాడే లోపెరమైడ్ కూడా ఓపియాయిడ్ కుటుంబమే. మామూలు డోసులో ఇబ్బంది లేదు. మోతాదు బాగా మించితే గుండె లయ తప్పుతుందని ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది.

మాత్ర వేసుకున్న కాసేపటికే కుడివైపు పై కడుపులో పోటు వస్తోంది.

పిత్తరసం పేగులోకి దిగే చోట ఆడీ కవాటం అని ఒక కండరం ఉంటుంది. ఓపియాయిడ్ దాన్ని బిగించేస్తే ఇలా పోటు వస్తుంది, వీపు దాకా పాకొచ్చు. గాల్ బ్లాడర్ తీసేసినవాళ్ళలో ఎక్కువగా రిపోర్టయింది, కోడీన్‌తో కూడా. నొప్పికి వేసుకున్న మాత్రే నొప్పి తెస్తుంటే వేసుకున్న టైమూ నొప్పి మొదలైన టైమూ పక్కపక్కనే రాసి డాక్టర్‌కు చూపించండి.

ఇది కాక, ఎక్కువకాలం వాడేవాళ్ళలో కొందరికి కడుపు నొప్పి విడవకుండా ఉండి డోసు పెంచినకొద్దీ ముదురుతుంది. దీన్ని నార్కోటిక్ బవెల్ సిండ్రోమ్ అంటారు, పైన చెప్పిన హైపరాల్జీసియాకు కడుపులో చుట్టం లాంటిది. అన్నవాహిక కదలిక దెబ్బతిని ముద్ద గొంతు దిగినా గుండెల దగ్గర అడ్డం పడినట్టు ఉండటం కూడా ఉంది.

చెవులు వినపడకపోవడం కూడా మందు వల్లేనా?

చాలా అరుదు, కానీ ఉంది. హైడ్రోకోడోన్, పారాసెటమాల్ కలిసిన మాత్రలను పెద్ద మోతాదులో చాలాకాలం వాడినవాళ్ళలోనూ, మెథడోన్ ఓవర్‌డోస్ అయినవాళ్ళలోనూ వినికిడి పోయిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. కొందరికి తిరిగి వచ్చింది, కొందరికి కాక్లియర్ ఇంప్లాంట్ (వినడానికి చెవి లోపల అమర్చే పరికరం) పెట్టాల్సి వచ్చింది. చెవిలో హోరు కొత్తగా మొదలైనా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా చెవి డాక్టర్‌ను అదే రోజు కలవండి, ఆలస్యం చేయొద్దు.

దురద వచ్చింది. నాకు మార్ఫిన్ అలర్జీ అని రాయించుకోవాలా?

తొందరపడకండి. మార్ఫిన్, కోడీన్ లాంటివి నేరుగా కణాల నుంచి హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనాన్ని విడుదల చేయిస్తాయి, నరాల దారిలో కూడా దురద పుట్టిస్తాయి. ఇది అలర్జీ కాదు. నిజమైన అలర్జీ అరుదు. అందులో పెదాలు, నాలుక వాయడం, ఊపిరి ఆడకపోవడం, బీపీ పడిపోవడం ఉంటాయి, అప్పుడు క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఉత్త దురదకే ఫైలు మీద అలర్జీ అని ఎక్కిస్తే రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు ఇవ్వరు. రాయించాల్సి వస్తే "దురద వచ్చింది" అని ఉన్నదున్నట్టు రాయించండి.

పిల్లలకు కోడీన్ దగ్గు మందు వేయొచ్చా? పాలిచ్చే తల్లి?

12 ఏళ్ళ లోపు పిల్లలకు కోడీన్ వద్దు, నొప్పికి ట్రమడాల్ కూడా వద్దని ఎఫ్‌డీఏ 2017లో స్పష్టంగా చెప్పింది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత నొప్పికైతే 18 లోపు ఎవరికీ వద్దు. దగ్గుకు కోడీన్ కూడా 18 లోపు ఎవరికీ వద్దని 2018లో చెప్పింది. కోడీన్‌ను కాలేయంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ మార్ఫిన్‌గా మారుస్తుంది. కొందరిలో పుట్టుకతోనే అది మహా వేగంగా పనిచేస్తుంది, మామూలు డోసు కూడా వాళ్ళ ఒంట్లో ఓవర్‌డోస్ అవుతుంది. ఎవరిలో అలా ఉందో చూసి చెప్పలేం. తల్లి అలాంటిదైతే పాలలోకి మార్ఫిన్ ఎక్కువగా వెళ్తుంది. బిడ్డ పాలు తాగకుండా మగతగా పడుకుంటున్నా, ఊపిరి తేడాగా ఉన్నా, ఒళ్ళు వేలాడేస్తున్నా అది ఎమర్జెన్సీ.

రాత్రిళ్ళు గురక మధ్యలో ఊపిరి ఆగినట్టుంటోంది. భయపడాలా?

పట్టించుకోవాలి. ఓపియాయిడ్లు మెదడులో ఊపిరిని నడిపే కేంద్రాన్ని నెమ్మదింపజేస్తాయి, నిద్రలో ఊపిరి కొద్ది క్షణాలు పూర్తిగా ఆగిపోతుండొచ్చు. నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే ఆల్ప్రజోలామ్ లాంటివి, నరాల నొప్పికి వాడే గబాపెంటిన్, ప్రీగాబాలిన్, మద్యం, వీటిలో ఏది కలిసినా ప్రమాదం పెరుగుతుంది. ఫెంటానిల్ ప్యాచ్ మీద వేడి తగిలితే మందు ఒక్కసారిగా ఎక్కువ లోపలికి వెళ్తుంది, కాబట్టి హీటింగ్ ప్యాడ్ పెట్టకండి, గట్టి జ్వరం వస్తే డాక్టర్‌కు చెప్పండి. వాడేసిన ప్యాచ్‌లో కూడా పసిపిల్లల ప్రాణం తీసేంత మందు మిగిలి ఉంటుంది.

పక్కన కూర్చుని ఛాతీ లేచి పడటాన్ని ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకు మామూలుగా 12 నుంచి 20 ఉంటుంది. 8కి దిగిపోయినా, పిలిచి గట్టిగా కదిపినా లేవకపోయినా, పెదాలు నీలంగా మారినా, కంటిపాపలు గుండుసూది మొనంత అయిపోయినా తెల్లారేదాకా చూడకండి. వెంటనే అంబులెన్స్ పిలవండి, ప్యాచ్ ఉంటే పీకేయండి, ఓపియాయిడ్ ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ దగ్గరుంటే ఇవ్వండి. నాలోక్సోన్ ప్రభావం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, ఓపియాయిడ్ మాత్రం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. కాబట్టి లేచి కూర్చున్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

ఓవర్‌డోస్ నుంచి బయటపడ్డాక మతిమరుపు వస్తుందా?

అరుదుగా. కొందరిలో కొత్త విషయాలు గుర్తుండకపోవడం చూశారు. ఇంకొందరిలో బాగా కోలుకున్నట్టే ఉండి, రోజులో వారాలో గడిచాక మెదడులోని తెల్లభాగం దెబ్బతిని ప్రవర్తనా నడకా మారిపోయాయి. అందుకే డిశ్చార్జ్ అయ్యాక కూడా కొన్ని వారాలు గమనిస్తూ ఉండండి, మార్పు కనిపిస్తే ఎమ్మారై గురించి అడగండి.

బ్యూప్రెనార్ఫిన్ నాలుక కింద పెట్టుకుంటున్నాను. పళ్ళు పాడవుతాయంటున్నారు?

నోట్లో కరిగే రకంతో పుచ్చులు, పళ్ళు ఊడిపోవడం జరిగినట్టు రిపోర్టులు రావడంతో ఎఫ్‌డీఏ 2022 జనవరిలో హెచ్చరించింది. అది పూర్తిగా కరిగాక ఒక గుక్క నీళ్ళు నోట్లో పోసుకుని పళ్ళ చుట్టూ మెల్లగా తిప్పి మింగేయండి. గంట ఆగాకే బ్రష్ చేయండి. మందు మానేయొద్దు, పళ్ళ డాక్టర్‌కు మాత్రం ఈ మందు వాడుతున్నట్టు చెప్పండి.

సైడ్ ఎఫెక్ట్ అనుమానం వస్తే మాత్ర ఆపేయాలా?

ఊపిరి, స్పృహ, ఫిట్స్, అలర్జీ లాంటి ఎమర్జెన్సీ అయితే తర్వాతి డోసు ఇవ్వకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మిగతా వాటిలో హఠాత్తుగా ఆపొద్దు. వారాల తరబడి వాడిన ఒళ్ళు మందుకు అలవాటు పడి ఉంటుంది. ఒక్కసారి ఆపితే చెమటలు, విరేచనాలు, ఒళ్ళు నొప్పులు, నిద్ర పట్టకపోవడం, అణచిన నొప్పి రెట్టింపై తిరిగి రావడం ఉంటాయి. తట్టుకోలేక ప్రాణం తీసుకోవాలనే ఆలోచనలు వచ్చిన వాళ్ళున్నారని 2019లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఇది డాక్టర్లకూ వర్తించే మాటే. రోగికి చెప్పకుండా డోసు ఒక్కసారిగా కోసేయడం అన్యాయం. తట్టుకోలేని నొప్పి ఉన్న మనిషికి ఈ మందులు నిజంగా అవసరం, భయంతో వాటిని దూరం చేయడం కూడా హింసే.

డాక్టర్ నమ్మకపోతే? ఎవరికి చెప్పాలి?

"మందు పడటం లేదు" అంటే ఆ మాట గాల్లో కలిసిపోతుంది. మందు పేరు, ఎంత, ఎప్పుడు మొదలైంది, చివరిసారి డోసు ఎప్పుడు మారింది, ఇబ్బంది ఏ రోజు ఏ గంటకు మొదలైంది, పక్కన ఇంకేం మందులు వేసుకుంటున్నారు, ఇవి కాగితం మీద రాసుకెళ్ళండి. చేతులు అదురుతుంటే ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టర్ గదిలో అది ఆగిపోవచ్చు. ఇంకో డాక్టర్ అభిప్రాయం అడగడం తప్పు కాదు.

మీరు నేరుగా కూడా రిపోర్ట్ చేయొచ్చు. గర్భిణులు వేసుకున్న థాలిడోమైడ్ అనే మందు వల్ల వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టిన విషాదం తర్వాత 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల సైడ్ ఎఫెక్ట్స్ సమాచారం పోగు చేసే కార్యక్రమం మొదలుపెట్టింది. సభ్య దేశాల రిపోర్టులు స్వీడన్‌లోని ఉప్సాలాలో ఉన్న కేంద్రానికి చేరతాయి. చాలా దేశాల్లో రోగులు, ఇంట్లోవాళ్ళు కూడా ఫారం నింపి పంపొచ్చు, మందు వల్లేనని మీరు రుజువు చేయక్కర్లేదు, అనుమానం చాలు. స్ట్రిప్ మీద బ్యాచ్ నంబర్ కూడా రాయాలి కాబట్టి మాత్రలు అయిపోయినా ఆ స్ట్రిప్ పారేయకండి.